బ్రిస్లీ

ఎనిమిదో తరగతి, పదహారో పేజీ, కింది నుంచి మూడో వరస.
ఎవరో ఇంగ్లీషు తాత చెంపకు ముందు
ఈ మాట తగిలించిండ్రు.
మరికల్ బడిల, నల్లబల్ల మీద, పెద్దగ రాసిన.
నడుమ ఒక 'టీ' ఉంది సూడుండ్రి, రాస్తం గని పలకం, అన్న.

పలకనిది రాసుడెందుకు టీచర్?
కుర్మయ్య అడిగిండు.
నా దగ్గర జవాబు లేదు, డస్టర్ ఎతుక్కున్న.
జరసేపటికి వాడే అన్నడు:
కాల్ల ఇరిగిన తుమ్మముల్లు లెక్క గావొచ్చు.
కనవడది. అడుగేస్తే ఉంటది.

నిఘంటువు తీస్తే
"బిరుసైన కురచ రోమములు గల" అని ఉంది.
ఆ అర్థం మీద వేలు పెట్టి రాసి చూసిన,
మస్తు నున్నగుంది.
రేపు తలా ఒకటి పట్టుకరాండ్రి, అన్న,
ముట్టుకుంటే ఈ మాట అనిపించేది.

తెల్లారి నా బల్ల మీద పెట్టనీకి జాగ లేదు.
అరిగిన పండ్లబ్రష్షు. కొబ్బరి పీచు.
అగ్గిపెట్టె నిండ పల్లేరుకాయలు
(ఇది ముల్లు, వెంట్రుక కాదురా అంటే
గుచ్చినంక రెండూ ఒకటే టీచర్ అన్నరు).
ఒక సజ్జకంకి: పైకి దువ్వితే మాట వింటది,
కిందికి దువ్వితే ఎదురు తిరుగుతది.
నఫీసా వట్టి చేతులతో వచ్చి
మోచేతి దాక కుర్తా మడిచింది.
జొన్నచేన్ల నడిసిన గీతలు, సన్నగ, ఎర్రగ.
జొన్నాకు ఆడనే ఉంది, అది రాసింది తెచ్చిన అన్నది.

రాథోడ్ చందర్ సీసల గొంగళిపురుగును తెచ్చిండు.
మూతకు బొక్కలు కొట్టి, లోపల మునగాకు ఏసి.
అప్పుడు తట్టింది నాకు,
మనోల్లు గొంగడి పేరే పెట్టిండ్రు కదా ఈ పురుగుకు!
ఇన్నేండ్లు రెండు మాటలనూ వేరే వేరే అల్మారలల్ల దాసుకున్న.

మూడో రోజు నా గొంగడి తీసుకపోయిన.
కోస్గిల మా అవ్వ వడికిన నల్లగొర్ల ఉన్ని,
చింతగింజల గంజి పట్టించి, కుంచెతోని దువ్వి దువ్వి
వాన కూడ లోపలికి రాకుండ చేసింది.
పాలమూరు హాస్టల్ల మొదటి రాత్రి
పక్క మంచం పిల్ల మూతి తిప్పి అడిగింది:
కుచ్చుకోదా?
నేను లేదని చెప్పలే, అవునని చెప్పలే.
మడిచి పెట్టె కింద పెట్టిన.
ఆ యేడు చలికాలమంత
పల్చటి నైలాన్ దుప్పట్ల
మోకాల్లు కడుపుల పెట్టుకొని పండుకున్న.

ఇప్పుడది బెంచీల మీద తిరుగుతున్నది.
ఒకడు చెంపకు రాసుకొని కెవ్వుమన్నడు.
ఒకామె మొత్తం కప్పుకొని బయటికి రాలే,
గంట కొట్టినా.

నీలవేణి ఏమీ తేలేదు.
నాది శనివారం వస్తది టీచర్, పుణె బస్సుల, అన్నది.
మా నాయిన గడ్డం.
నేను నిద్రల ఉండంగనే దించుతడు, ఈ చెంప మీద.
నాలుగు నెలలైంది.

సోమవారం
నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టి నిలవడ్డది.
గీయించుకొని వచ్చిండు టీచర్.
మక్తల్ బస్టాండ్ల దిగి, డబ్బాల కూసొని,
నున్నగ. వాసనొచ్చే నీల్లు సుత కొట్టించుకొని.
బిడ్డను సూడవోతున్న గద అనుకున్నడంట.
గొంతుల అలక. మల్ల నవ్వు.
మల్ల అలక.

అందుకే చేతుల గురించి రాసిన, అన్నది.
విప్పి చూసిన.
మై ఫాదర్స్ హ్యాండ్స్ ఆర్ బ్రిస్లీ.
సిమెంటు తిన్న అరచేతులు,
చేప పొలుసుల లెక్క లేచిన తోలు.
తల మీద పెడితే వెంట్రుకలు చిక్కుకుంటయంట,
మెల్లగ విడిపించుకోవాల్నంట.

అరచేతికి ఈ మాట రాదు.
ఈ మాటకు వెంట్రుకలు ఉండాలె,
తోలుకు ఇంగ్లీషుల వేరే మాట ఉంది, నాకు తెలుసు.
ఎర్ర పెన్ను మూత తీసిన.
స్పెల్లింగు చూసిన, ఒక్కొక్క అక్షరం.
'టీ' దాని జాగల అది ఉంది.
టిక్కు పెట్టిన.